వాడకట్టులో కూరమడి

ఇంకా ఎగిలివారలేదు. మిరుగు మొదలయ్యాక వచ్చిన మొదటి సోమవారం. తిప్పాపూర్‌లో బస్సు దిగి మూలవాగు వంతెన దాటుతున్నారు మీరు. మొన్న రాత్రి వాన పడింది. వాగు పారేంత వాన కాదు, ఇసుకలో గుంటలు నిండాయి, అంతే. తడిమట్టి వాసన, దాని వెంటే పచ్చిపేడ వాసన. మీ ముందు జగిత్యాల దిక్కు నుంచి, సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన కుటుంబాలు ధర్మగుండానికి నడుస్తున్నాయి. ఒక పిలగాడు నిద్రమత్తులోనే కోడె పగ్గం పట్టుకున్నాడు. ఎవరో "రాజన్నా!" అని గొంతెత్తారు. గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టేసే మొక్కు ఈ ఊరిది. సోమవారమైతే ఆ వరస తెగదు.

మీరు ఆ వరసలో నిలబడకండి. లాడ్జీల వెనక, కొట్టిన కొబ్బరికాయల పీచు కుప్ప పోసిన మూల దగ్గర పక్కకు తిరగండి. వేములవాడకు వచ్చే లక్షల మంది చూడని సందు అది.

సందు మొత్తం సిమెంటే. నడుమ మోరీ. అటూ ఇటూ రెండేసి అర్రల రేకుల ఇళ్లు. ఏ ఇంటికీ పెరడు లేదు. గోడకూ మోరీకీ మధ్య ఒక మంచం పట్టేంత జాగ మాత్రం ఉంది. మూడో ఇంటి ముందు ఆ జాగలో సిమెంటు బస్తాలు, యూరియా సంచులు, రంగుల డబ్బాలు, పగిలిన గోలెం ఒకటి బారుగా నిలబెట్టి ఉన్నాయి. వాటి నడుమ ఒకామె వంగి, చెంబుతో నీళ్లు పోస్తోంది. వాడకట్టులో అందరికీ ఆమె వదినె. మీరూ అట్లాగే పిలవండి.

"రాండ్లి. గా అరుగు మీద కూసోండ్లి. నల్లా బందయ్యేలోపు ఇది ఒడగొట్టాలె."

కూర్చోకుండా దగ్గరికి వెళ్లి చూడండి. నీళ్లు పోస్తున్న తీరులోనే ఆమెకు తెలిసిందెంతో కనిపిస్తుంది. మొక్క మొదట్లో ధారగా పోయదు, సంచి అంచు వెంబడి చుట్టూ తిప్పుతుంది. సంచి అడుగున నాలుగు బొక్కలు, వాటిమీద పెంకు ముక్కలు. ఆపైన కొబ్బరి పీచు. గుడి ఊర్లో దానికి కొదవేం లేదు, తెచ్చుకుంటే వద్దనేవాళ్లూ లేరు. పీచు నీళ్లను పట్టి ఉంచుతుంది, మధ్యాహ్నం ఎండకు మట్టి పొడిబారినా వేళ్లకు తడి అందుతుంది. పైన ఎర్రమట్టి, మాగిన పెంట, గుప్పెడు వేపపిండి. సిమెంటు బస్తా అయితే బాగా దులిపి, కడిగి, ఎండబెట్టాలట. అంటుకున్న సిమెంటు సున్నంలా మట్టిని పాడుచేస్తుంది. యూరియా సంచికి ఆ బాధ లేదు కాని ఎండ తగిలి తగిలి ఒక్క ఏడాదికే పీలికలవుతుంది. కెన్యా రాజధాని నైరోబీలో కిబేరా అనే పెద్ద మురికివాడ ఉంది. అక్కడి ఆడవాళ్లూ ఇట్లాగే గోనెసంచులు నిలబెట్టి, పక్కలకు కూడా బొక్కలు పెట్టి, ఒక్కో సంచిలో పదుల మొక్కలు పెంచుతారు. ఆ సంగతి ఆమెకు తెలియదు. అడుగు జాగలో ఎక్కువ పండించాల్సి వచ్చిన చోటల్లా ఆడవాళ్లు ఈ సంచి దగ్గరికే చేరుకున్నారు.

ఇప్పుడు ఆమె చెంబు కింద పెట్టి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది. ఎందుకో అడగండి.

"టమాట నారు ముట్టాలె గద. బీడీల చేతులతోని ముడితె ఆకు ముడుసుకపోతది, మచ్చలు పడతది. రెండేండ్లు ఒక్క కాయ సుత ఎల్లలె. అప్పుడు తెలిసింది."

ఆమె చెప్పిందాని వెనక గట్టి శాస్త్రం ఉంది. పొగాకు మొక్కకు మొజాయిక్ తెగులు తెచ్చే వైరస్ ఉంది. 1890లలో శాస్త్రవేత్తలు లోకంలో మొట్టమొదట గుర్తించిన వైరస్ అదే. ఎండిన పొగాకులో కూడా ఏళ్ల తరబడి బతికి ఉండగలదు. టమాట, మిరప, పొగాకు ఒకే కుటుంబం మొక్కలు కాబట్టి తంబాకు అంటిన వేళ్ల మీదుగా నారుకు ఎక్కుతుంది. సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, నిజామాబాద్ దిక్కున ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇంటి ముందు టమాట ఎందుకు పట్టదో చాలామందికి అంతుపట్టదు. నేలది తప్పు అనుకుంటారు, చెయ్యి మంచిది కాదు అనుకుంటారు. ఒక్క సబ్బుముక్కతో చాలావరకు తీరే చిక్కు ఇది. పెరటి తోటల గురించి ఈ జిల్లాల్లో ఎవరు చెప్పినా మొదట చెప్పాల్సిన మాట ఇదేనని నా అభిప్రాయం. అదే తంబాకు పొట్టును నానబెట్టిన నీళ్లు పేనుబంకను చంపుతాయి కూడా. కాని అది విషమే. వండుకునే ఆకుల మీద చల్లొద్దని వదినె గట్టిగా అంటుంది.

లోపలి అర్రలోకి తొంగిచూడండి. తడి గోనెలో చుట్టిన తునికాకు, చాట, కత్తెర, దారం ఉండ. ఇంకాసేపట్లో ఆమె ఆ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, మాపటి దాకా లేవదు. నెలలో పని దొరికే రోజులు ఆమె చేతిలో లేవు. ఆకు ఇస్తే పని, ఇవ్వకపోతే లేదు. పెనిమిటి పోయి చానా ఏండ్లయింది. బీడీ కార్మికులకు, ఒంటరి మహిళలకు, భర్త పోయినవాళ్లకు ఇచ్చే ఆసరా పింఛను 2019 నుంచి నెలకు 2016 రూపాయలు. కరెంటు, గ్యాసు, గురుకులంలో ఉన్న బిడ్డ దగ్గరికి పోయివచ్చే ఖర్చు... ఇవన్నీ పోయాక మిగిలిందే కూరగాయలకు.

బియ్యానికి ఇబ్బంది లేదు. ఈ మాట ఆమే ముందు చెబుతుంది. మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. "బువ్వకు బాధలేదు. కూరకే బాధ." ఈ ఊళ్లో, ఈ జిల్లాలో, నేను తిరిగిన చాలా వాడల్లో ఆడవాళ్ల ఆకలి ఇప్పుడు ఇట్లా ఉంది. కడుపు నిండుతుంది, ఒంట్లో రక్తం ఉండదు. అన్నంలో పచ్చిపులుసు, అన్నంలో కారం, అన్నంలో నిన్నటి చారు. 2023 జూలైలో టమాట కిలో నూరు దాటి ఇంకా పైకి పోయినప్పుడు ఈ సందులో చింతపండుతోనే నెల వెళ్లింది. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. అంతకు ముందు సర్వే కంటే అది తగ్గలేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన వయసొచ్చిన ఆడమనిషికి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆకుకూరలు, కూరగాయలు కలిపి రోజుకు 400 గ్రాములు తినాలని 2024లో ఆ సంస్థ ఇచ్చిన ఆహార సూచన. నాలుగు వందల గ్రాములు! బజారులో కొని, ఒక్క మనిషికి, నెలంతా. వదినె లెక్క వేయకుండానే తల అడ్డంగా ఊపుతుంది.

గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి ఒక పూట నిండు భోజనం, గుడ్డు, పాలు అందుతున్నాయి. పిల్లలకు బడిలో మధ్యాహ్న భోజనం. హాస్టల్ పిల్లలకు మెనూ. అయితే పిల్లలు ఎదిగిపోయిన, మొగుడు లేని, ఒంట్లో సత్తువ తగ్గుతున్న నలభై అయిదేళ్ల ఆడమనిషి ఏ పళ్లెం ముందు కూర్చోవాలి? రేషన్ దుకాణంలో బియ్యం సంచి ఉంది, దాని పక్కన కూర సంచి లేదు. ఆ ఖాళీలోనే వదినె బస్తాలు నిలబడ్డాయి.

ఇవాళ తెంపడానికి ఏముంది? మే నెల ఎండలకు మిగిలింది తక్కువ. బచ్చలి తీగ బతికింది. వేసవిలో అన్నీ వాడిపోయినా బచ్చలి నిలబడుతుందట. గోలెంలో పుదీన ఉంది. గోడవారన కల్యామాకు. ముదిరిన వంకాయ మొక్కకు రెండే కాయలు. ఎవరూ వేయకుండానే సంచుల అంచున గంగవాయిలి మొలిచింది. వదినె దాన్ని గోళ్లతో గిల్లి కొంగులో వేసుకుంటోంది. బచ్చలి, గంగవాయిలి కలిపి పప్పు. మీదికి నిమ్మకాయ పిండుకోమని ఆశా కార్యకర్త చెప్పిందట. పులుపు ఉంటే ఆకులోని ఇనుము ఒంటికి పడుతుంది. తిన్న వెంటనే చాయ తాగితే పట్టదు. "గా చాయ మాట మటుకు ఎవలు ఇనరు" అంటుంది.

కొత్త సంచుల్లో ఆమె మిరుగు విత్తనం పెట్టేసింది. తోటకూర నాలుగు వారాల్లో కోతకొస్తుంది, పుంటికూర ఆ తర్వాత. బీర రెండు నెలలు. చిక్కుడు ఇప్పుడు పెడితే చలికాలం, సంక్రాంతి దాకా. ఆనిగెపు గింజలు రెండు, తీగను రేకుల మీదికి ఎక్కించాలని. అదే ఈ ఏడాది ఆమె ఆశ.

దడదడ!

తల ఎత్తకముందే రేకులు దద్దరిల్లాయి. "అచ్చినయే!" అని సందు ఆ చివర నుంచి కేక. తల్లి కోతి ముందు, కడుపుకు పిల్ల కరుచుకుని. వెనక మంద. పళ్లేలు మోగుతున్నాయి, తలుపులు పడుతున్నాయి, ఒక ముసలామె కట్టె పట్టుకుని అరుగు దిగింది. మీరు వెనక్కు జరగండి, కళ్లలోకి చూడకండి. పెద్ద గండుకోతి గోడ మీద నుంచి వంకాయ మొక్క మీదికి చేయి చాచి, రెండు కాయల్లో ఒకటి తెంపి, కొరికి, పారేసి, పుదీనను వేళ్లతో సహా పీకి మోరీలో విసిరింది. వదినె బిందె మూత పట్టుకుని నేల మీద కొడుతోంది. చుట్టాల పిల్ల ఒకతి టపాకాయ వెలిగించింది. మంద పక్క సందుకు దూకింది. అంతా కలిపి చాయ పోసేంత సేపు కూడా కాదు.

కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఇంటి ముందు మొక్క పెట్టడం మానేసిన ఆడవాళ్లను అడగండి. నీళ్లు లేవనేవాళ్లకంటే కోతులు అనేవాళ్లే ఎక్కువ. అడవిలో పండ్ల చెట్లు పోయాక అవి ఊళ్లకు దిగాయి. కొబ్బరి, అరటి దొరికే గుడి ఊళ్లు వాటికి ఇల్లయ్యాయి. నిర్మల్ దగ్గర 2020లో రాష్ట్రం కోతుల పునరావాస కేంద్రం తెరిచింది. పట్టి తెచ్చినవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అడవిలో వదలడం దాని పని. ఉన్న కోతులకు అదొక్కటే ఎట్లా సరిపోతుంది? అందుకని ఆడవాళ్లే పంటలు మార్చుకున్నారు. కాకర చేదు, దాన్ని అంతగా ముట్టవు. మిర్చి కొరికి ఒకసారి దెబ్బతింటే మళ్లీ రావు. చామ దురద. పసుపు జోలికి పోవు. ఆకుకూరల మీద పాత చేపల వల కప్పితే కొంత ఆగుతాయి. ఆనిగెపుకాయ మాత్రం పిందె నాడే పోతుందని ఈ వాడలో అందరూ వదినెకు చెప్పారు. అయినా గింజ పెట్టింది.

పీకిన పుదీనను ఆమె మోరీలోంచి తీసి, కడిగి, వేళ్లున్న కొసలను ఏరి మళ్లీ గోలెంలో గుచ్చుతోంది. ఆ సరికి ఎదురింటి గుమ్మంలో ఇంకొకామె వచ్చి నిలబడింది. నుదుట పెద్ద పసుపు, కుంకుమ, మెడలో లింగంకాయ. చేతిలో రంగుల డబ్బా, అందులో జానెడు మిరప మొక్క. "దీన్ని నీ కాన్నే ఉంచు అక్కా. ఇంటి ఓనరు గోడ కాడ పెట్టనియ్యడు, నీళ్లు దిగుతయట."

ఆమె శివపార్వతి. శ్రీరామనవమి నాడు రాజన్న గుడిలో సీతారాముల కల్యాణం జరిగే వేళకు శివపార్వతులు, జోగినులు, హిజ్రాలు వేలమంది త్రిశూలాలతో వస్తారు. తామూ శివుణ్ని పెళ్లాడినట్టుగా తలంబ్రాలు పోసుకుంటారు. ఆ ఒక్కరోజు పత్రికల వాళ్లూ టీవీల వాళ్లూ వాళ్ల ఫొటోలు తీస్తారు. మిగిలిన రోజుల్లో వాళ్లేం తింటారన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు. ఆడపిల్లలను దేవుడి పేరున వదిలేయడాన్ని 1988 చట్టం నిషేధించింది. దానికి ముందే దేవుడికిచ్చిన వాళ్లు ఇప్పుడు వయసు మళ్లుతున్నారు. జోగు ఎత్తే ఓపిక తగ్గుతోంది. సొంత ఇల్లు లేదు, కిరాయి అర్రలో మట్టి పెట్టే హక్కు లేదు. మిద్దె తోటల మీద హైదరాబాద్‌లో ఉద్యానశాఖ 'మన ఇంటి కూరగాయలు' అని సబ్సిడీ కిట్లు ఇచ్చింది. మంచి పనే. కాని మిద్దె ఉన్నవాళ్లకే మిద్దె తోట. ఈమెకు ఒక మొక్క పెట్టుకోవడానికి కూడా ఇంకొకరి గోడ కావాలి.

వదినె డబ్బాను తీసుకుని బచ్చలి తీగ నీడన పెట్టింది. మారుమాట్లాడలేదు.

పొద్దెక్కింది. షేర్ ఆటో ఎక్కండి. ఊరు దాటితే దూరంగా తళతళలాడే నీళ్లు కనిపిస్తాయి. మానేరు మీద మాన్వాడ దగ్గర కట్టిన మధ్యమానేరు. దానికి రాజన్న పేరే పెట్టారు, శ్రీరాజరాజేశ్వర జలాశయం అని. పాతిక టీఎంసీలకు పైగా పట్టే ఆ నీళ్ల కింద సంకెపల్లి, అనుపురం, కొడుముంజ, రుద్రవరం, చింతలఠాణ, కొదురుపాక లాంటి ఊళ్లున్నాయి. వాటి మనుషులు ఇప్పుడు వేములవాడ చుట్టుపక్కల పునరావాస కాలనీల్లో ఉన్నారు. అడ్డం నిలువు గీతలు గీసినట్టు రోడ్లు, ఇళ్ల వెనక మొరం నేల. గడ్డపార వేస్తే ఖంగుమంటుంది.

ఒక ఇంటి వెనక జాలారు కాడ అవ్వ కూర్చుని ఉంది. అంట్లు కడిగిన నీళ్లు పారే కాలువ పొడుగునా అరటి, చామ పెట్టింది. ఆకుకూరలకు మాత్రం ఆ నీళ్లు పోనియ్యదు, బియ్యం కడిగిన నీళ్లు విడిగా దాచి పోస్తుంది. మీరు కూర్చోగానే మాట మొదలవుతుంది, మీరు అడగకుండానే.

"భూమికి పైసలిచ్చిండ్రు బిడ్డా. ఇంటికిచ్చిండ్రు, బాయికిచ్చిండ్రు, మామిడి చెట్టుకు చింత చెట్టుకు లెక్కగట్టి ఇచ్చిండ్రు. గెట్టు మీది గునుగుకు ఎవలిత్తరు? దొగ్గలి కూరకు ఎవలిత్తరు? పొద్దుగాల కలుపుకు పోతె మాపటికి ఒడినిండ కూర తెచ్చుకుందుము. పొన్నగంటి, చెన్నంగి, గంగవాయిలి. పైస లేదు దానికి. ఇప్పుడు కొత్తిమీర కట్టకు సుత పైసలే."

ఈ మాట దగ్గర కాస్త ఆగండి. ఎవరూ నాటని, ఎవరూ అమ్మని, ఆడవాళ్ల చేతులు మాత్రమే ఎరిగిన ఈ కూర ఏ సర్వే నంబరులోనూ లేదు. పహాణీలో రాయరు, పరిహారంలో రాదు, రాష్ట్ర దిగుబడుల్లో కనబడదు. అయినా ఇంటిని నడిపింది అదే. జహీరాబాద్ దిక్కున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులు 1980ల నుంచి దీన్నే పట్టుకుని నిలబడ్డారు. విత్తనం ఇంట్లోనే దాచారు, సాగుచేయని ఆకుకూరలను అందరి ముందుకూ తెచ్చారు, ఊరి పంటతో ఊరికే రేషన్ నడిపి చూపించారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు వచ్చింది. అక్కడ వాళ్లకు కొద్దోగొప్పో చెలక ఉంది. ఇక్కడ అవ్వకు ఇంటి వెనక మొరం ఉంది. నేల పోగొట్టుకుని పట్టణపు అంచుకు వచ్చిపడ్డ ఆడవాళ్లకు ఆ అలవాటంతా చేతుల్లోనే ఉండిపోయింది, పెట్టడానికి చోటు లేదు.

అవ్వ లేచి గోడ దగ్గరికి తీసుకుపోతోంది. గోడకు కొట్టి ఎండిన పిడకలు. ఒకదాన్ని విరిచి చూపిస్తుంది. లోపల తెల్లటి ఆనిగెపు గింజలు, పక్క పిడకలో గుమ్మడి, ఇంకోదాంట్లో నేతిబీర. పేడలో పెడితే పురుగు పట్టదు, మిరుగు వచ్చేసరికి అట్లాగే విరిచి నేలలో పెట్టడమే. పాత ఊరు ఖాళీ చేసేటప్పుడు సామానుతో పాటు ఈ పిడకలు కూడా ట్రాక్టరులో వేసుకుందట. ఇంట్లోవాళ్లు నవ్వితే పట్టించుకోలేదు. ఇప్పుడు కాలనీలో ఏ ఇంటి కంచె మీద గుమ్మడి పాకినా ఆ విత్తనం ఈ గోడదే. బతుకమ్మకు గుమ్మడి పువ్వు కావాలి గదా. మిగతా తెలంగాణలో చాలాచోట్ల తొమ్మిదో రోజు సద్దులు చేసుకుంటే వేములవాడలో ఏడో రోజే. అందుకని ఇక్కడ పూలు రెండు రోజులు ముందే పూయాలి అంటుంది అవ్వ, నిజంగానే ఆ లెక్కతో గింజ పెడుతూ.

మొరం నేలను ఆమె ఎట్లా లొంగదీసిందో చూడండి. మోకాలి లోతు గుంత తీసి, చెత్త, ఎండాకు, పొయ్యి బూడిద, పెంట పొరలు పొరలుగా నింపి, ఒక వానకాలం మాగనిచ్చింది. మరుసటి ఏడు పైన పాలు గారినట్టు తోటకూర. కొడుకు గల్ఫు నుంచి పంపే పైసలు ఒక్కోసారి నెలలు ఆగుతాయి. కోడలు అడగడానికి మొహమాటపడుతుంది. కూర మాత్రం ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఈ చిన్న మళ్ల విలువను రూపాయల్లో కట్టేవాళ్లు ఈ సంగతిని వదిలేస్తారు. పొద్దున లేచి ఏం వండాలన్న ప్రశ్నకు ఇంకొకరి జేబు వైపు చూడకపోవడం ఆడమనిషికి ఎంత పెద్ద నెమ్మదో అవ్వ ముఖంలో కనిపిస్తుంది.

మధ్యాహ్నం. ఎండ మళ్లీ మే నెలలా కాస్తోంది. తిరిగి ఊళ్లోకి వస్తుంటే దారిలో పట్టణ ప్రకృతి వనం బోర్డు కనిపిస్తుంది. కంచె, నడిచే బాట, వరసగా అందానికి పెట్టిన మొక్కలు. 2015లో మొదలైన హరితహారం, తర్వాత వచ్చిన ప్రకృతి వనాలు పట్టణాలకు నీడ ఇచ్చాయి, కాదనను. తెలంగాణ పురపాలక చట్టం 2019 ప్రకారం ప్రతి మున్సిపాలిటీ తన బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి ఖర్చుపెట్టాలి. ఆ పది శాతంలో కొంత మునగ, చింత, కల్యామాకు, అవిసె చెట్లకు పోకూడదా? వార్డుకు రెండు గుంటలు కంచె కట్టి, నల్లా ఇచ్చి, ఇల్లులేని ఒంటరి ఆడవాళ్లకు మళ్లుగా పంచకూడదా? చట్టం అడ్డు చెప్పదు. ఎవరూ ఇంతవరకు గట్టిగా అడగకపోవడమే లోటు.

అడిగినచోట జరిగింది. అర్జెంటీనాలో రొసారియో అనే నగరం ఉంది. 2001 చివర ఆ దేశం ఆర్థికంగా కుప్పకూలి, పనులు పోయి, తిండి కోసం జనం దుకాణాల మీద పడ్డారు. మరుసటి ఏడాదే నగరపాలక సంస్థ ఖాళీ జాగాలు గుర్తించి పేదలకు సాగుకు ఇచ్చింది. విత్తనం, పనిముట్లు, పండింది అమ్ముకోవడానికి సంతలు కూడా. ముందుకొచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సంక్షోభం తీరాక కూడా ఆ జాగాలు వెనక్కి తీసుకోలేదు, నగర ప్రణాళికలోనే సాగు నేలగా రాసుకున్నారు. 2021లో ప్రపంచ వనరుల సంస్థ నగరాలకిచ్చే బహుమతి రొసారియోకు దక్కింది. నాకు అందులో నచ్చింది బహుమతి కాదు, ఆ రాసుకోవడం. రేపు ఎవరో వచ్చి లేవగొడతారన్న భయం ఉంటే ఎవరూ మునగ చెట్టు నాటరు. తోటకూర వరకే ఆగిపోతారు.

పొద్దుమూకింది. మళ్లీ వదినె సందు. బీడీ కట్టలు ఇచ్చి వచ్చి, చేతులు మళ్లీ సబ్బుతో కడుక్కుని, ఆమె అరుగు మీద చాప పరిచింది. ఇవాళ పొదుపు సంఘం కూర్చునే రోజు. పదిమంది వచ్చారు, ఎదురింటి శివపార్వతి కూడా. ఆమె సంఘంలో సభ్యురాలు కాదు, కిరాయికి ఉన్నది కాబట్టి చిరునామా కాయితం కుదరలేదు. అయినా చాప చివర కూర్చుంది. పొదుపు పైసల లెక్క ఒడిసింది. అప్పు కిస్తులు రాసుకున్నారు. ఆ తర్వాత వదినె నోటుబుక్కులోంచి తెల్లకాయితం చింపి, ఇంటర్ చదివే పిల్ల చేతికిచ్చింది.

"రాయి బిడ్డా. సందు ఎనుక సర్కారు జాగ ఖాళీగ ఉన్నది. చెత్త పోత్తండ్రు. గది మాకు కూరగాయలు పెట్టుకునేటందుకు ఇయ్యమని."

పిల్ల రాస్తోంది. మాటలు అన్ని వైపుల నుంచీ పడుతున్నాయి. కంచె సంగతి రాయమని ఒకామె. కంచె ఏం జేత్తది, పైన సుత జాలి కావాలె, కోతులు ఎగిరి దుంకుతయి అని ఇంకొకామె. ఏడాదికి అని రాయొద్దు, అయిదేండ్లకు రాయమని వదినె. ఎవరి పేర్లు అన్న దగ్గర కాసేపు గొడవ నడిచింది. సంఘంలో ఉన్నోళ్ల పేర్లే రాయాలంది ఒకామె, రూలు అట్లాగే ఉంటుందని. వదినె ఒప్పుకోలేదు. ఇల్లు లేనోళ్ల పేర్లు ముందు రాయాలె, మనకు వాకిలన్న ఉన్నది అంది. కొంత గొణుగుడు తర్వాత పిల్ల మొదటి వరసలో చాప చివరనున్నామె పేరు రాసింది. ఆమె ముందుకు జరిగి కాయితం వైపు వంగింది. చదవడం రాదు. చదివి వినిపించమంది. పిల్ల మొదటి నుంచి చదివింది. అంతా విని ఆమె చెయ్యెత్తి ఆపింది.

"సర్కారు జాగ అని ఒక్కటే రాత్తె ఎట్ల? నల్లా ఉన్న జాగ అని రాయి. నీళ్లు లేని కాడ ఇచ్చి, ఇచ్చినమే గద అంటరు."

పిల్ల ఆ వరస కొట్టేసి, మళ్లీ రాసింది.